ఉక్కు డాష్‌బోర్డు మీద వాల్‌నట్ గ్రెయిన్: 65 రోజుల పని డైరీ

పని చేసిన ముక్కలు మూడు: 1941 నాటి అమెరికన్ సెడాన్ డాష్‌బోర్డు, దాని గ్లవ్‌బాక్స్ తలుపు, యాష్‌ట్రే ముఖం. మూడూ ఉక్కు రేకే. వాటి మీద వాల్‌నట్ చెక్క చారలు (గ్రెయిన్) రంగుతో వేయడమే పని. పొడవు 1,240 మి.మీ., బాగా వెడల్పున్న చోట ఎత్తు 215 మి.మీ., అంతా కలిపి సుమారు 0.3 చదరపు మీటరు. ఆ కాలపు కార్లలో ఇలాంటి రేకు మీద కనిపించేది చెక్క కాదు, అచ్చు. చెక్కిన పలక మీది సిరాను రోలరుతో ఎత్తి లోహం మీద దొర్లించేవారు. అందుకే రెండు వైపులా వంగిన అంచుల మీద కూడా చార తెగకుండా సాగుతుంది. అసలు చెక్క పొరని అలా వంచితే చీలిపోతుంది.

ఇంట్లో ఆ పలకలు దొరకవు కాబట్టి ఇది చేత్తో వేసిన గ్రెయిన్. కింద లేత బేస్, దాని మీద గ్లేజు, అంటే కింది రంగు కనిపించే పల్చటి ముదురు పూత, అది తడిగా ఉండగానే తుడిచీ దువ్వీ తీసిన చారలు, పైన క్లియర్, అంటే రంగులేని రక్షణ పూత. టూ-కె (హార్డెనర్ కలిపి వాడే యురెథేన్) రంగులు, టూ-కె క్లియర్ కావాలనే వదిలేశాం. వాటి హార్డెనర్‌లోని ఐసోసయనేట్లనే విష రసాయనాలకు మామూలు కార్ట్రిజ్ మాస్కు చాలదు, బయటి గాలి అందించే మాస్కు కావాలి. స్ప్రే డబ్బాల్లో వచ్చే టూ-కె క్లియర్‌కీ ఇదే వర్తిస్తుంది. ప్రైమర్లు ఎపాక్సీ. వాటిపైన బేస్, గ్లేజు, క్లియర్ మూడూ నూనె జాతివే.

దశ 1: విప్పడం, కొలవడం (రోజు 1–2)

1. బ్యాటరీ ఎర్త్ కేబుల్ తీశాం. పాత కార్లు కొన్నింటిలో ఎర్త్ పాజిటివ్ వైపు ఉంటుంది, రంగు చూసి కాదు, తీగ బాడీకి ఎక్కడ తగులుతోందో చూసి తీయాలి.
2. ప్రతి తీగకూ టేపు ముక్క, నంబరు, ఫొటో.
3. మొత్తం 14 రంధ్రాలు. ఒక్కోదాని వ్యాసం వెర్నియర్‌తో కొలిచి రాసుకున్నాం. ఈ కాగితం దశ 8లో అక్కరకొస్తుంది.
4. మీటర్ల అద్దాలు విప్పలేదు. ఆ కాలపు ముళ్లకూ అంకెలకూ పూసిన మెరుపు రంగులో రేడియం ఉండొచ్చు. ఇప్పుడు చీకట్లో మెరవడం లేదంటే రేడియం పోయిందని కాదు, దానితో కలిపిన ఫాస్ఫర్ (మెరిసే పదార్థం) అరిగిపోయిందని. మీటరు మీటరుగానే సంచిలో పెట్టి పక్కన ఉంచాలి. గీకడం, ఊదడం వద్దు.

పాత రంగు ముట్టుకునే ముందు గడియారం చుట్టు రింగు కింద చూశాం. ఎండ తగలని ఆ 4 మి.మీ. పట్టీలో ఫ్యాక్టరీ గ్రెయిన్ చెక్కుచెదరకుండా ఉంది: తేనె రంగు బేస్, 3 నుంచి 6 మి.మీ. ఎడంలో చారలు. పక్కన స్కేలు పెట్టి, పగటి వెలుగులో ఫొటో తీశాం. ముందే స్ట్రిప్పర్ పూసేస్తే ఈ ఒక్క నమూనా కూడా పోతుంది.

ఇప్పటివరకు: 6 గంటలు.

దశ 2: పాత రంగు తీయడం (రోజు 3–6)

ఈ వయసు రంగులో సీసం ఉంటుందనే లెక్కతో పని చేయాలి. పొడి రుద్దుడు లేదు, హీట్ గన్ లేదు. జెల్ స్ట్రిప్పర్ రెండు విడతలు, ప్లాస్టిక్ గీకుడు బిళ్ల, మిగిలినదానికి తడి 180 నంబరు వాటర్ పేపర్. గీకిన చెత్తంతా తడిగానే మూత డబ్బాలోకి.

ఇక్కడ ఒక తప్పు జరిగింది, దాని ఫలితం తర్వాతి దశలో బయటపడింది. ముందు పేపరుతో రుద్ది, తర్వాత జిడ్డు తుడిచే ద్రవం వాడాం. వరస తలకిందులైంది.

ఇప్పటివరకు: 17 గంటలు.

దశ 3: ప్రైమర్ (రోజు 7–12)

ఎపాక్సీ ప్రైమర్ మొదటి కోటు వేసిన రెండు నిమిషాల్లో పై అంచు పొడవునా 11 గుంటలు. ఒక్కోటి 2–3 మి.మీ., అడుగున లోహం మెరుస్తోంది, చుట్టూ రంగు గట్టులా లేచింది. ఫిష్ ఐ అంటే ఇదే. దశాబ్దాలుగా డాష్‌కు రుద్దిన పాలిష్‌లోని సిలికోన్ దీనికి కారణం. పై అంచునే ఎందుకంటే పాలిష్ గుడ్డ ఎక్కువ తిరిగేది అక్కడే. జిడ్డు తుడవకముందే రుద్దితే పేపరు ఆ సిలికోన్‌ని గీతల్లోకి నెట్టేస్తుంది, తర్వాత ఎంత తుడిచినా పూర్తిగా రాదు.

మీద ఇంకో కోటు వేస్తే గుంటలు పూడతాయని అనిపిస్తుంది. పూడవు, లోతు పెరుగుతుంది. మొత్తం తుడిచేసి మళ్లీ మొదలుపెట్టాం:

1. జిడ్డు తీసే ద్రవంతో ఒక గుడ్డ తడిపి తుడవడం, ఆరకముందే వెనకాలే పొడి గుడ్డ. ఆరనిస్తే కరిగిన జిడ్డు ఉన్నచోటే మళ్లీ కూర్చుంటుంది.
2. గుడ్డలు మార్చి ఇంకోసారి.
3. 180 తడి రుద్దుడు, కడగడం, వెంటనే ఆరబెట్టడం.
4. మళ్లీ రెండు గుడ్డల తుడుపు.
5. ఎపాక్సీ 2 కోట్లు, మందం సుమారు 60 మైక్రాన్లు.

ఈసారి గుంటలు లేవు. పైన హై-బిల్డ్ ఎపాక్సీ 2 కోట్లు, గైడ్ కోటుగా నల్లరంగు తుంపర, రబ్బరు బ్లాకు మీద 400 తడి పేపరు. రుద్దాక మిగిలింది 80 మైక్రాన్ల దాకా. నల్ల చుక్కలు ఎక్కడ మిగిలితే అక్కడ పల్లం. గ్లవ్‌బాక్స్ కుడి మూల దగ్గర అరచేయంత పల్లం తేలింది, దానికి మూడో కోటు.

ఇప్పటివరకు: 30 గంటలు. అందులో ఫిష్ ఐ వల్ల పోయినవి 6.

దశ 4: బేస్ రంగు (రోజు 13–18)

చూసినవాళ్లు చారలనే చూస్తారు గానీ పని నిలిచేదీ చెడేదీ బేస్ దగ్గరే. వాల్‌నట్ ముక్కని దూరం నుంచి చూస్తే కంటికి ఆనే గోధుమ రంగుని బేస్‌గా కలిపాం. తప్పు. దాని మీద గ్లేజు పడగానే పరీక్ష పలక కాలిన చెక్కలా అయింది. గ్లేజు నలుపు చేయగలదు, తెలుపు చేయలేదు. కలపలో అన్నిటికన్నా లేతగా ఉండే చార ఏ రంగో బేస్ అదే కావాలి, ఇంకాస్త లేతగా ఉన్నా నష్టం లేదు. పై క్లియర్ కూడా కొంచెం పసుపు తోడు చేస్తుంది.

రెండోసారి కలిపిన కొలత, ఆల్కిడ్ ఎనామెల్‌లో, తూకం వేసి:

ఐవరీ వైట్ 120 గ్రాములు, యెల్లో ఓకర్ 30 గ్రాములు, బర్న్‌ట్ సియెన్నా 8 గ్రాములు.

పొడిగా చూస్తే ఇది మరీ పసుపుగా, పిల్లల బొమ్మ రంగులా ఉంటుంది. భయపడి ముదురు చేయొద్దు. రంగు ఎంచేది కూడా పగటి వెలుగులోనే. ట్యూబ్‌లైటు కింద సరిపోయిన మొదటి పలక ఎండలోకి తెస్తే ఆకుపచ్చ జాడ కొట్టింది.

మెరుపు సంగతి: గ్లాస్ (నిగనిగ మెరిసే) ఎనామెల్ మీద గ్లేజు బొట్లుబొట్లుగా విడిపోతుంది. మ్యాట్ అయితే గ్లేజుని పీల్చేసుకుంటుంది, తుడిచినా మరక పోదు. సాటిన్ మధ్యస్థంగా ఉంటుంది. రెండు కోట్లు, 50 మైక్రాన్లు, మళ్లీ వేసింది రోజు 18న. తర్వాత కనీసం వారం ముట్టుకోలేదు. ఎందుకంటే గ్లేజు చెడితే టర్పెంటైన్‌తో తుడవాలి, పచ్చి బేస్ ఆ తుడుపుకు తట్టుకోదు.

ఇప్పటివరకు: 37 గంటలు. బేస్ మళ్లీ వేయడానికి 3.

దశ 5: గ్లేజు పరీక్షలు (రోజు 17–25)

బేస్ ఎండుతున్న వారంలో 200 × 100 మి.మీ. రేకు పలకల మీద పరీక్షలు. గది 27 డిగ్రీల సెల్సియస్, తేమ 60 శాతం. రంగు అన్నిటికీ ఒకటే: ఆయిల్ ట్యూబు బర్న్‌ట్ అంబర్ 20 గ్రాములు, బర్న్‌ట్ సియెన్నా 6 గ్రాములు, డ్రయ్యర్ (నూనెని త్వరగా ఎండబెట్టే ద్రవం) 10 చుక్కలు. బాయిల్డ్ అవిసె నూనె, టర్పెంటైన్ పాళ్లు మాత్రమే మార్చాం.

పలక 1, నూనె 1: టర్పెంటైన్ 1. దువ్విన గీతలు పది నిమిషాల్లో మళ్లీ కలిసిపోయాయి. నాలుగో రోజుకీ వేలికి అంటుతోంది.

పలక 2, నూనె 1: టర్పెంటైన్ 2. గీతలు నిలిచాయి, అంచులు కాస్త మెత్తబడ్డాయి. పని చేయడానికి 25 నిమిషాల వ్యవధి దొరికింది.

పలక 3, నూనె 1: టర్పెంటైన్ 4. ఎనిమిది నిమిషాల్లో బిగుసుకుంది. ఆరాక వేలితో రాస్తే పొడి రాలింది. నూనె చాలక రంగు పట్టు లేకుండా మిగిలింది.

పలక 4, పలక 2 లాగే, అదనంగా సన్నటి సుద్దపొడి 5 గ్రాములు. గీత అంచు కత్తితో కోసినట్టు నిలిచింది. పాతకాలం గ్రెయినింగ్ వాళ్లు ఇందుకు తేనెమైనం కూడా వాడేవారు, కానీ మైనం మీద క్లియర్ పట్టదు. సుద్ద చాలు.

పలక 5, అంబర్ బదులు వాన్‌డైక్ బ్రౌన్. రంగు అందంగా ఉంది, ఆరు రోజులైనా జిగట పోలేదు. అంబర్‌లో మాంగనీసు ఉంటుంది, అదే నూనెని త్వరగా ఎండబెడుతుంది. అసలు వాన్‌డైక్‌లో ఆ గుణం లేదు, పైగా ఎండకు వెలుస్తుంది. అద్దం వెనక రోజంతా ఎండ కాసే చోట అది పనికిరాదు.

పలక 6: పలక 4 గ్లేజునే 2 రోజులు ఎండనిచ్చి, పైన స్ప్రే డబ్బా యాక్రిలిక్ ల్యాకర్. మూడు నిమిషాల్లో మొసలి తోలులా ముడతలు. ల్యాకర్‌లోని ఘాటు థిన్నర్ సగం ఎండిన నూనెని ఉబ్బించింది.

పలక 7: మధ్యలో లక్క పూత అడ్డం పెట్టి, పైన అదే ల్యాకర్. ముడతలు రాలేదు, సమస్య తీరినట్టే అనిపించింది. వంటకు వాడని పాత ఓవెన్‌లో 80 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి బొటనవేలితో నొక్కితే వేలిముద్ర దిగింది. లక్క 75 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, ఎండలో నిలిపిన కారులో డాష్ 70 దాటడం మామూలే. టేబుల్‌కి లక్క సరే, డాష్‌కి కాదు.

తేల్చుకున్నది: పలక 4 గ్లేజు, పైన నూనె జాతి పాలీయురెథేన్ వార్నిష్, అదీ యూవీ రక్షణ ఉన్నది.

గుడ్డల విషయం పక్కకు నెట్టొద్దు. అవిసె నూనె అంటిన గుడ్డ ఉండ చుట్టి మూల పడేస్తే దానంతటదే వేడెక్కి అంటుకుంటుంది. ప్రతి గుడ్డనీ విప్పి ఆరుబయట పరిచి గట్టిపడేదాకా ఎండబెట్టాలి, లేదా నీళ్లున్న మూత డబ్బాలో ముంచాలి.

ఇప్పటివరకు: 46 గంటలు, 7 పలకలు.

దశ 6: చారలు (రోజు 26, రోజు 30)

పనిముట్లు: 50 మి.మీ. మెత్తటి బ్రష్, పోగులు రాలని నూలు గుడ్డ, రబ్బరు గ్రెయినింగ్ రాకర్ (వంపు ముఖం మీద గాట్లున్న అచ్చు, వంచుతూ లాగితే కలప ఆకారం పడుతుంది), పొడవాటి వెంట్రుకల ఫ్లాగర్ బ్రష్, సాఫ్ట్‌నర్‌గా (గీతల అంచులు మెత్తబరచడానికి) పాత మేకప్ బ్రష్, సన్నటి లైనర్ (గీతలు వేసే బ్రష్). ఇవి కాక ఫ్లోర్‌మ్యాట్ రబ్బరు ముక్కకి బ్లేడుతో 2 నుంచి 4 మి.మీ. ఎడంగా, ఒకదానికొకటి పొంతన లేకుండా గాట్లు పెట్టి చేసిన దువ్వెన. కొన్న ఉక్కు దువ్వెన పళ్లు సమాన దూరంలో ఉంటాయి, అందుకే దానితో దువ్వితే చెక్క కాదు, కార్డురాయ్ గుడ్డ వస్తుంది.

గ్లవ్‌బాక్స్ తలుపుని దాని స్థానంలోనే పెట్టి, చుట్టూ 1.5 మి.మీ. అట్టముక్కలు దూర్చి, వెనక నుంచి టేపు వేశాం. విడిగా చేస్తే చార తలుపు దగ్గర తెగిపోతుంది, కారులో కూర్చోగానే చూపు అక్కడికే పోతుంది.

1. బేస్‌ని నైలాన్ ప్యాడ్‌తో, సబ్బునీళ్లతో తేలిగ్గా రుద్ది ఆరబెట్టాలి.
2. గ్లేజు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఆగకుండా పూయాలి. మొత్తానికి 35 మి.లీ. చాలింది.
3. గుడ్డతో పొడవునా లాగి, బేస్ సగం కనిపించేదాకా తీసేయాలి. కొత్తవాళ్లు ఇక్కడే జంకి ఎక్కువ ఉంచేస్తారు.
4. రబ్బరు దువ్వెన పొడవునా, చేయి కాస్త అలలా ఊగిస్తూ.
5. రాకర్ రెండే చోట్ల. లాగుతూనే మెల్లగా వంచాలి, మధ్యలో ఆపకూడదు.
6. ఫ్లాగర్‌ని పొడిగా పట్టుకుని చారల దిశలో చిన్నచిన్న దెబ్బలు. కలప రంధ్రాల్లాంటి సన్నటి గీట్లు వీటితోనే వస్తాయి.
7. సాఫ్ట్‌నర్‌తో ముందు అడ్డంగా, తర్వాత పొడవునా, బరువు వేయకుండా.

నాలుగో ప్రయత్నం నిలిచింది. మొదటి మూడు ఎందుకు పోయాయంటే:

ప్రయత్నం 1: రాకర్‌ని చివరిదాకా లాగేశాం. ప్రతి 210 మి.మీ.కి అదే గుండె ఆకారం మళ్లీ వచ్చింది, ప్లైవుడ్ తలుపులా ఉంది. రాకర్ కొన్నవాళ్లంతా చేసే పని ఇదే.

ప్రయత్నం 2: గ్లేజు పూత రేడియో జాలీ దగ్గర ఆపి, బ్రష్ మార్చి మళ్లీ అందుకున్నాం. అక్కడ 15 మి.మీ. వెడల్పున ముదురు పట్టీ పడింది. ఆపక తప్పదనుకుంటే స్పీడోమీటరు రంధ్రం అంచు దగ్గర ఆపాలి, రింగు కప్పేస్తుంది.

ప్రయత్నం 3: పై అంచు వంపు మీద రాకర్ సగమే ఆనింది, మిగతా సగం ఖాళీ. అప్పటి నుంచి వంపు మీద చేత్తో కోసిన దువ్వెన ఒక్కటే.

ప్రతి తుడుపు తర్వాత అరగంట ఆగాం. బేస్‌లో టర్పెంటైన్ మిగిలితే తర్వాతి గ్లేజు పట్టు దొరక్క జారుతుంది.

చూసే దూరం కూడా ముఖ్యం. డ్రైవరు కంటికి డాష్ సుమారు 70 సెం.మీ. దూరంలో ఉంటుంది. అక్కడి నుంచి మరీ సన్నటి గీత అంతగా ఆనదు, కానీ రంగుల తేడా స్పష్టంగా తెలుస్తుంది. ముక్కు ఆనించి లైనర్‌తో వేసిన గీతల్లో సగం వృథా. రోజు 30న సగం బలం చేసిన గ్లేజుతో రంధ్రాల చుట్టూ, చివర్లలో మాత్రం పల్చటి నీడ వేశాం. 12 మి.లీ. పట్టిన ఆ నీడే మొత్తానికి లోతు తెచ్చింది.

ఇప్పటివరకు: 56 గంటలు. తుడిచేసిన ప్రయత్నాలకు 5. గ్లేజు వాడకం, తుడిచేసినవి కలిపి, 150 మి.లీ.

దశ 7: క్లియర్ (రోజు 33–50)

గ్లేజు ఎండిందా లేదా అన్నది వేలితో తేలదు. దూది మీద ఒక చుక్క టర్పెంటైన్ వేసి, కనిపించని మూలలో పదిసార్లు తేలిగ్గా రాయాలి. రోజు 33న దూది గోధుమ రంగు. 35న లేత మరక. 38న తెల్లగానే ఉంది, అప్పుడే క్లియర్ మొదలైంది.

మొదటి రెండు కోట్లు (రోజు 38, 39) బాగా పల్చగా వేశాం. మొదటిదే దట్టంగా వేస్తే వార్నిష్‌లోని ద్రావకం గ్లేజుని కదిపి చార అంచులు మసకబారుతాయి.

రోజు 41న తొందరపాటు. దుమ్ము రేణువులు తీయడానికి 1000 తడి పేపరు పట్టుకుంటే, పై అంచు మీద 40 మి.మీ. పొడవున గ్రెయిన్ మాయమై పసుపు బేస్ తేలింది. రెండు పల్చటి కోట్లంటే చదునైన చోట 40 మైక్రాన్లు, అంచు మీద అందులో సగం కూడా నిలవదు. రంగు ఎప్పుడూ అంచు నుంచి వెనక్కి లాక్కుంటుంది.

అతుకు ఇలా వేశాం: పక్క చారల కొనలు పట్టుకుని లైనర్‌తో ఒక్కొక్కటే పొడిగించి, వేలికి చుట్టిన గుడ్డతో అద్ది, ఆరు రోజులు వదిలేశాం. దూది పరీక్ష మళ్లీ. రోజు 47, 48న మూడు, నాలుగో కోట్లు. 50న మొత్తం 1000తో రుద్దడం, ఈసారి ప్రతి అంచుకీ 10 మి.మీ. వదిలి, ఆ పట్టీని నైలాన్ ప్యాడ్‌తో మాత్రమే. ఆ రోజే అయిదో కోటు, సెమీ-గ్లాస్. పూర్తి గ్లాస్ అయితే పై అంచు మెరుపు ముందు అద్దంలో ప్రతిబింబించి డ్రైవింగ్‌కి అడ్డం.

ఇప్పటివరకు: 71 గంటలు. అతుక్కి 4. క్లియర్ 5 కోట్లు, రుద్దాక మిగిలింది సుమారు 100 మైక్రాన్లు.

దశ 8: బిగింపు (రోజు 64–65)

రెండు వారాలు ఎండాక బిగింపు. చోక్ కేబుల్ మెడ 9.8 మి.మీ., విప్పినప్పుడు రంధ్రం 10.0. ఇప్పుడు 9.5. ప్రైమర్ నుంచి క్లియర్ దాకా మొత్తం 295 మైక్రాన్లు. అంత మందం రంధ్రం లోపలికి పూర్తిగా దిగదు గానీ, దిగినంత రెండు వైపులా కలిసి వ్యాసం అర మిల్లీమీటరు తగ్గింది. బలవంతంగా తోస్తే రంధ్రం చుట్టూ రంగు పెంకులా లేస్తుంది. గుండ్రటి ఆకురాయికి 400 పేపరు చుట్టి, ముందు నుంచి వెనక్కి మాత్రమే తోస్తూ లోపలి అంచు తీశాం. వెనక నుంచి ముందుకి లాగితే పేపరు రంగుని లోహం నుంచి ఎత్తేస్తుంది. రంగు వేసే ముందే రంధ్రాల్లో ఫోమ్ బిరడాలు పెట్టి ఉంటే ఈ రెండు గంటలు మిగిలేవి.

రెండో చిక్కు: పెట్రోలు మీటరు ముల్లు కదల్లేదు. తీగలు సరిగానే ఉన్నాయి. ఈ మీటర్లకు ఎర్త్ డాష్ రేకు ద్వారానే అందుతుంది, బిగించే చోట్లన్నీ ఇప్పుడు ఎపాక్సీ కింద ఉన్నాయి. వెనక వైపు రెండు స్క్రూల చుట్టూ 8 మి.మీ. మేర రంగు గీకి, పళ్ల వాషర్ వేయగానే ముల్లు లేచింది.

రింగుల కింద పల్చటి ఫెల్ట్ వాషర్లు పెట్టాం. క్రోమ్ రింగు నేరుగా బిగిస్తే వార్నిష్ మీద గుండ్రటి అచ్చు పడుతుంది.

మొత్తం: 77 గంటలు, అందులో తప్పులు దిద్దడానికి 18.

మిగిలిన లోపం: గ్లవ్‌బాక్స్ తలుపు తాళం వైపు చార కాస్త పైకి జరిగింది. టేపు వేసేటప్పుడు కింది అట్టముక్క ఒకటి మందం తక్కువ పడింది. తలుపు మూసి 70 సెం.మీ. నుంచి చూస్తే తెలుస్తుంది. మార్చాలంటే తలుపొక్కటే తుడిచి, డాష్‌లో బిగించి ఉండగానే, చుట్టూ టేపు కట్టి మళ్లీ వేయాలి. మిగిలిన గ్లేజు 40 మి.లీ. సీసాలో ఉంది, కొలతలూ తేదీ మూత మీద రాసి పెట్టాం.